ముద్దనూరులో దిగింది నేను

“పరీక్ష కన్నా నీకు మోటరు ఎక్కువైందా మే?”

“ఎక్కువా తక్కువా అని కాదు జేజీ. రేపు పొద్దన అది బోరులోకి దిగుతాది. దిగినాక నేను చేసేదేమీ ఉండదు.”

“పరీక్ష గూడా రేపు పొద్దనే గదా. అది దాటినాక మాత్రం నువ్వు చేసేదేముంటాది?”

“మళ్ళా రాస్తా.”

“రెండుతూర్లు రాస్తివి. రెండుతూర్లూ పోతివి. ఇంగెన్నితూర్లు రాస్తావు? నాకు రాట్నం తిప్పే చెయ్యి ఉన్నెన్ని దినాలా?”

ఇవి ఒక ఆదివారం పొద్దున, జమ్మలమడుగులో మా ఇంటి వసారాలో నడిచిన మాటలు. నేను రాట్నం ముందు కూర్చొని మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. నా మనవరాలు ఎదురుగా గోడకు ఆనుకొని, లెక్కల పుస్తకం ఒడిలో పెట్టుకొని, దాంట్లో ఒక్క గీతైనా గీయకుండా కూర్చుంది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. చదివేదానికైతే ఎంతసేపైనా తిరగనిస్తాను. ఉత్తగా కూర్చునేదానికి ఫ్యాను ఎందుకని లేచి ఆపేశాను. మామూలుగా అయితే ఆ పిల్ల ఇంత ఎత్తున లేచేది. ఆ రోజు పలకలేదు. ఫ్యాను ఆపినా పలకలేదంటే సంగతి పెద్దదేనని నాకు అప్పుడు తెలిసింది.

ఆ పిల్ల పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతోంది. కరెంటు చదువు, మూడో ఏడాది. వారమంతా అక్కడే హాస్టల్లో ఉంటుంది. శనివారం మాపటి బస్సుకు నా దగ్గరికి వస్తుంది. నా కొడుకు, కోడలు కలమల్లలో అద్దె గదిలో ఉంటారు. వాడు థర్మల్‌ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు కింద పని చేస్తాడు. వాడి చేతికి మగ్గం అన్నం పెట్టలేదు. పిల్లకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఈ ఇల్లే ఇల్లు.

మిగతా పేపర్లన్నీ పాసవుతూ వచ్చింది గానీ మొదటి ఏడాది లెక్కల పేపరు ఒకటి మిగిలిపోయింది. సోమవారం పది గంటలకు పులివెందులలో ఆ పేపరే రాయాలి. ఈసారీ పోతే నాలుగో ఏడాదిలోకి రానివ్వరట. తోటి పిల్లలందరూ పైకి పోతారు, ఇది ఏడాది పొడుగునా ఇంట్లో కూర్చోవాలి.

ఇక మోటరు. ఆదివారం ఆదివారం అది ప్రొద్దుటూరుకు పోయి, మోటార్లు చుట్టే అంగడిలో పని నేర్చుకుంటోంది. కాలిపోయిన మోటరులోంచి పాత రాగితీగ పీకేసి కొత్త తీగ చుట్టే పని. ఇన్నాళ్ళూ ఒకరి పక్కన కూర్చొని చేసింది. ఈ వేసవిలో మొదటిసారి ఒక మోటరు మొత్తం తన చేతులతోనే చుట్టింది. ముద్దనూరు పక్క పల్లె రైతుది, బోరు లోపలికి దించే పొడుగు మోటరు. ఆ రైతు చీనీ బత్తాయి చెట్లకు అదొక్కటే ఆధారం. దాన్ని దించేది కూడా సోమవారం పొద్దునే.

ఆ మోటరు మీద దానికిప్పుడు అనుమానం వచ్చింది. అందుకే పుస్తకం ముందు పెట్టుకొని గోడ వైపు చూస్తోంది.

అసలు ఇదంతా పోయిన వేసవిలో మా ఇంటి నీళ్ళ మోటరు కాలిపోయినప్పుడు మొదలైంది. కొత్తది కొందాంలేమ్మా అన్నాడు నా కొడుకు. తీగ చుట్టిస్తే మళ్ళీ తిరిగేదానికి కొత్తది ఎందుకురా అని, నేను దాన్ని గోనెసంచిలో వేయించి, పిల్లను తోడు తీసుకొని ప్రొద్దుటూరు బస్సు ఎక్కాను. బజారు వెనక సందులో ఉంది ఆ అంగడి. అంగడి మేస్త్రీ సాయిబు. కొన్నేళ్ళు కువైట్‌లో ఇదే పని చేసి, ఊరికి తిరిగి వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. మోటరు విప్పి లోపల మాడిపోయిన తీగ చూపించి, ఎప్పటికి ఇస్తాడో చెప్పాడు. నా పని అయిపోయింది. పిల్ల కదల్లేదు. విప్పిన మోటరు ముందు చతికిలబడి, దాంట్లోకి తల పెట్టి చూస్తోంది. మంచి బట్టలు మసైపోతాయి లెయ్యి మే అన్నా వినలేదు.

తిరుగు బస్సులో చెప్పింది. కాలేజీలో మోటార్లు బల్లకు బిగించేసి ఉంటాయట. వీళ్ళు పోయి స్విచ్చి వేసి, మీటరు చూసి, అంకెలు రాసుకొని వచ్చేదేనట. విప్పి చూస్తామంటే ఒప్పుకోరట, విరిగిపోతే ఎవరు జవాబు చెప్పాలని. వాళ్ళ భయం వాళ్ళది.

“మోటరు గురించి ఇంత లావు పుస్తకం చదివినా జేజీ. దాని లోపల ఏముండాదో బొమ్మలోనే చూసినా. ఈ పొద్దు కండ్లతో చూస్తి.”

తరువాతి ఆదివారం, అంగడికి పోయి నేర్చుకుంటానంది. దానికి మార్కులు వేస్తారా అని అడిగాను. వేయరంది. కూలి ఇస్తారా అంటే, నేర్చుకునేటప్పుడు ఎవరిస్తారు జేజీ అంది. మార్కులూ లేక కూలీ లేక ఎందుకు పోవాలో నాకు అర్థం కాలేదు. సెలవులు గదా, నాలుగు దినాలకు విసుగు పుట్టి తనే మానుకుంటుందిలే అని ఊరుకున్నాను. సెలవులు అయిపోయినా అది మానుకోలేదు. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు తీసేసినాక, ఛార్జీ దండగని చెప్పి ఆపే వీలు కూడా నాకు లేకుండా పోయింది.

మేస్త్రీ కూడా మొదట ఒప్పుకోలేదు. చదువుకునే పిల్లవు, ఇక్కడ చేతులు కోసుకుపోతాయి, వార్నీషు వాసనకు తలనొప్పి వస్తుంది, పో తల్లీ అన్నాడట. ఇది పోకపోయేసరికి సన్నటి తీగ చుట్ట ఒకటి ఇచ్చి, చెక్క అచ్చు మీద చుట్టి చూపించమన్నాడు. చుట్టింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, ఈ పని ముందే ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడట. మా జేజి దగ్గర కండెలు చుడతానని చెప్పిందట. అది నిజం. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పిల్ల నా పక్కన కూర్చొని రాట్నం తిప్పింది. నూలు బిగువు ఒక తీరుగా లేకపోతే కండె మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడెలో ఇరుక్కొని నేసేవాడు తిడతాడు. ఆ తిట్లు తినీ తినీ వచ్చిన చెయ్యి అది. మేస్త్రీ ఇంక ఆదివారాలు రమ్మన్నాడు.

నేను రెండు కట్టుబాట్లు పెట్టాను. కాలేజీకి ఒక్క దినం కూడా ఎగ్గొట్టకూడదు. ప్రొద్దుటూరు నుంచి దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి. రెండింటికీ తలూపింది, రెండూ పాటించింది.

ఆ ఏడాదంతా దాని సంచిలో ఒకవైపు పుస్తకాలు, ఒకవైపు తీగ ముక్కలు. పుస్తకంలో గుర్తుకు పెట్టుకునేది కూడా మోటరులో వేసే మందపాటి కాగితం ముక్కే. వేలికి గుడ్డపీలిక చుట్టుకొని రాసేది. అన్నం తినేటప్పుడు చేతిలో వార్నీషు వాసన. నేను సబ్బు అరగదీస్తున్నావని తిట్టేదాన్ని. తిట్టేదాన్నే గానీ, ఒక సంగతి నాకు కనిపిస్తూనే ఉంది. మోటార్ల పేపరు వచ్చినప్పుడు దానికి వచ్చినన్ని మార్కులు క్లాసులో శానా మందికి రాలేదు. సారు బోర్డు మీద గీసేటప్పుడు మిగతావాళ్ళకు అవి గీతలే, నాకు తీగ యాడ దూరి యాడ తేలుతాదో కనపడతాది జేజీ అనేది. అంతా బాగుంది. లెక్కలు మాత్రం ఆ మోటరులో దొరకలేదు. వాటికి కూర్చోవాలి. కూర్చునేదానికి ఉన్న ఒక్క ఆదివారమూ ప్రొద్దుటూరుకు పోయేది.

ఆపితే వచ్చిన మంచి కూడా పోతుందేమో, ఆపకపోతే ఆ పేపరు అట్లే మిగిలిపోతుందేమో. నాకు ఎటూ తేలలేదు. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఈ చదువులో ఏది బరువో ఏది తేలికో నా చేతికి తెలియదు. అందుకే తిడుతూ వదిలేశాను.

ఆ ఆదివారం పొద్దున, అనుమానం ఏందో సక్కగా చెప్పు మే అని గట్టిగా అడిగితే, పిల్ల తన వేళ్ళు చూపించింది.

నేత ఇండ్లలో పోగు తెగితే ఎవరూ ఆలోచించరు. రెండు కొసలూ వేళ్ళ మధ్య పెట్టి, రోంత తడి చేసి, ఒక్క నులుము నులిమితే అతుక్కుంటుంది. మనసు ఎక్కడున్నా చెయ్యి ఆ పని చేసుకుపోతుంది. రాగితీగ తెగితే అట్లా కాదు. కొసలు గీకి, నులిమి, ఆ నులుము మీద కరిగించిన టంకం పోయాలి. టంకం చల్లారినాక పైన టేపు చుట్టాలి. పోయిన ఆదివారం మాపు, మోటరు పని అయిపోయే వేళకు, తీగ ఒకచోట తెగిందట.

“నులిమినా. అది గుర్తుండాది. టేపు చుట్టినా. అదీ గుర్తుండాది. నడాన టంకం పోసినానా లేదా గుర్తు రాల్య జేజీ. పొద్దన్నుంచి తల పగలగొట్టుకుంటాండా, గుర్తు రాల్య.”

మేస్త్రీ మీటరు పెట్టి చూడలేదా అన్నాను. చూశాడట, నీళ్ళ తొట్టిలో వేసి కూడా చూశాడట, బాగానే చూపించిందట. ఇప్పుడు బాగానే చూపిస్తుందట. బోరులో రోజూ తిరిగి తిరిగి, టంకం లేని ఆ ముడి దగ్గర వేడి పుట్టి, ఒక దినం కాలిపోతుందట. చీనీ పిందెలు చెట్టు మీద ఉన్న కాలం. ఎండలు చూస్తే అట్లా ఉన్నాయి. మోటరు పైకి తీసి, మళ్ళీ చుట్టి, మళ్ళీ దించేలోపల పిందెలన్నీ రాలిపోతాయి.

దానికి తోచిన దారి ఒకటే. సోమవారం తెల్లవారగానే ప్రొద్దుటూరుకు పోయి, మోటరును పల్లెకు తీసుకుపోయే వ్యాను కదిలేలోపల దాన్ని విప్పి చూసుకొని, అక్కడినుంచి పులివెందులకు పోవడం. పది గంటలకు ఎట్లా అందుకుంటావని అడిగితేనే, మళ్ళా రాస్తా అనే మాట వచ్చింది. గొడవ అక్కడ మొదలైంది.

“చేతిలో ఫోను ఉండాది గదా. మేస్త్రీకి చెప్పు. ఆయప్పే విప్పి చూసుకుంటాడు.”

“చెప్పను.”

“యాంటికి చెప్పవు?”

అప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. ఆడపిల్ల చుట్టిందని తెలిసి ఆ రైతు, నాకొద్దు, మోటరు ఇచ్చెయ్, ఇంకో అంగట్లో చుట్టిస్తా అన్నాడట. మేస్త్రీ కూర్చోబెట్టి, టీ తాగించి, నా పూచీ అని ఒప్పించాడట.

“ఇప్పుడు నేనే అనుమానం అంటే మేస్త్రీ మామ తల యాడ పెట్టుకుంటాడు? ఇంగ నన్ను నమ్మి మోటరు ఎవురిస్తారు?”

“అందుకని దొంగ మాదిరి పోయి విప్పుతావా?”

పిల్ల పుస్తకం మూసి, తల ఎత్తకుండానే, “దీపాలు పెట్టేలోపల ఇంటికి రావాలంటివి గదా. ఆ మాపు బస్సుకు పరిగెత్తకుంటే అన్నీ గుర్తుండేవి” అంది.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. రాట్నం ఆపేశాను. తిట్టేదానికి నోరు తెరిచి, దాని మొహం చూసి మూసుకున్నాను. కండ్లలో నీళ్ళు లేవు. వస్తే రెప్పతో నొక్కేసే రకం. నేనూ అంతే.

“లెయ్” అన్నాను. “ఇప్పుడే పోదాం. పుస్తకం తీసుకో.”

“యాడికి?”

“ప్రొద్దుటూరికి. చెప్పేది ఈ పొద్దే చెప్పు, విప్పేది ఈ పొద్దే విప్పు. రేపు పరీక్ష.”

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. గాలికి పుస్తకం కాగితాలు ఎగురుతుంటే నేను ఒక కొస పట్టుకున్నాను. మొదట అది పుస్తకం తెరవనేలేదు. నాకు చెప్తా చెయ్ మే, నేను ఇంటా అన్నాను. నీకేం అర్థమైతాది అంది. అర్థం కాకపోతే ఏం, నోరు తెరిచి చెప్పేదానికి దుడ్లు పెట్టాల్నా అన్నాను. విసుక్కుంటూనే మొదలు పెట్టింది. ఒక్క ముక్క కూడా నా తలకు ఎక్కలేదు. ఊఁ కొడుతూ పోయాను. ఒకచోట ఊఁ కొట్టబోతే, ఉండు ఉండు, ఇది తప్పు అని తనే కొట్టేసి మళ్ళీ చేసింది. ప్రొద్దుటూరు వచ్చేలోపల రెండు లెక్కలు తేలాయి.

ఆ అంగడికి శుక్రవారం సెలవు, ఆదివారం పని. వేసవిలో అయితే కాలు పెట్టే సందు ఉండదు, అన్నీ కాలిపోయిన మోటార్లే. మా మోటరు (నేను అప్పుడే దాన్ని మాది అనుకోవడం మొదలుపెట్టినట్టున్నాను) గోడవారగా, తుడిచి, తాడు కట్టి సిద్ధంగా ఉంది. మేస్త్రీ టీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి, పరీక్ష పెట్టుకొని ఈ పొద్దు యాంటికి వస్తివి తల్లీ అన్నాడు.

పిల్ల నిలబడే ఉండి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు.

“గుర్తు లేదా, చెయ్యలేదా?”

“గుర్తు లేదు మామా.”

“గుర్తు లేదంటే చెయ్యలేదనే లెక్క. విప్పు.”

అంతే. అరవలేదు. ఆయన అరుస్తాడని దారి పొడుగునా నేను కొన్ని మాటలు సిద్ధం చేసుకొని వచ్చాను. ఒక్కటి కూడా పనికి రాలేదు. నాకొక స్టూలు వేసి, ఇంకో టీ తెప్పించాడు.

విప్పేదానికే శానాసేపు పట్టింది. నట్లు, మూతలు, కట్లు ఒక్కొక్కటి వరసగా గోనెపట్ట మీద పెట్టింది. తీగల గుత్తి బయటికి తేలిన చోట వేలు పెట్టి వెతికి, టేపు చుట్టిన ముడి పట్టుకొని, బ్లేడుతో మెల్లగా కోసింది. నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను. టేపు ఊడి వచ్చింది. లోపల రాగి ఎర్రగా మెరిసింది. నులుము ఉంది, టంకం లేదు.

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. మేస్త్రీ కళ్ళద్దాలు నొసటి మీదికి ఎత్తి, వంగి చూశాడు. చూసి నవ్వాడు.

“ఎంత బాగా నులిమినావు తల్లీ. చీరకైతే ఇది నూరేండ్లు ఉంటాది.” నా వైపు తిరిగి, “అవ్వా, ఇది నీ చెయ్యే” అన్నాడు.

“నా చెయ్యి నూలుకే అప్పా. రాగికి నువ్వు నేర్పాల.”

“నేర్పినా. వేళ్ళు ఇంగా నీ మాటే ఇంటాండాయి.”

పిల్ల కూడా నవ్వింది, ఆ పొద్దుకంతా అదే మొదటిసారి. టంకం కడ్డీ వేడికి పెట్టింది. సరిగ్గా అప్పుడు వచ్చాడు రైతు, మోటరు రేపటికి తయారో లేదో చూసుకొని పోదామని. తెల్ల తలపాగా, దుమ్ము కొట్టుకున్న కాళ్ళు. గోనెపట్ట మీద పరిచిన నట్లు చూసి గడపలోనే ఆగిపోయాడు. రేపు దించాల్సిన మోటరు ఈ పొద్దు ఎందుకు విప్పినారని అడిగాడు. మేస్త్రీ ఏదో ఒకటి చెప్పి సర్దుతాడని నేను అనుకున్నాను. ఆయన నోరు తెరిచేలోపల పిల్లే చెప్పింది. టంకం పోయడం మరిచిపోయినా, ఇప్పుడు పోస్తాండా అని.

“నేను ఆ పొద్దే అంటి గదా సాయిబూ” అన్నాడు రైతు. ఇంకా ఏవో అన్నాడు. ఆడపిల్లల చదువుల గురించి, తన చెట్ల గురించి, పోయిన ఏడు ఎండిపోయిన వరసల గురించి. కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది ఆ మాటల్లో. పిల్ల తల వంచుకొని టంకం పోసింది. చల్లారేదాకా చూసి, దాన్ని గిల్లి లాగి చూసి, టేపు అందుకుంది. రైతు మాటలు ఆపి ఆ చేతుల్ని చూడసాగాడు.

“ఇది నువ్వే చెప్పినావా, ఆయప్ప కనిపెట్టినాడా?”

“నేనే చెప్పినా.”

ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. బిగించు అన్నాడు. బిగించేదాకా అక్కడే కూర్చున్నాడు. మేస్త్రీ ఈసారి తను మీటరు పెట్టకుండా పిల్లనే పెట్టమన్నాడు. అన్నీ అయినాక రైతు లేచి, “రేపు స్విచ్చి వేసేటప్పుడు ఈ పాప ఆడ ఉండాల. మీ అంగడి పద్ధతే గదా అది” అన్నాడు.

ఆ పద్ధతి గురించి నాకు పిల్ల ముందే చెప్పి ఉంది. ఎవరైనా మొదటిసారి మోటరు చుట్టితే, అది దించేటప్పుడు వాళ్ళు బోరు దగ్గర ఉండాలి. నీళ్ళు వచ్చేదాకా కదలకూడదు. రాకపోతే ఆ చేతులే మళ్ళీ పైకి లాగాలి. ఎంత పెద్ద పనివాడికైనా ఆ అంగడిలో ఇదే కట్టుబాటు. పరీక్ష ఉందని మేస్త్రీ ఈసారికి పిల్లను వదిలేశాడట.

పిల్ల వెంటనే నా వైపు తిరిగింది. పులివెందుల బస్సు ముద్దనూరు మీదుగానే పోతుంది గదా, తను ముద్దనూరులో దిగి, నీళ్ళు వచ్చేది చూసి, వెనక బస్సుకు పులివెందుల పోతానంది. మాట పద్ధతి గురించే గానీ, కండ్లు వేరే చెప్తున్నాయి. తను చుట్టిన మోటరు నీళ్ళు ఎత్తుతుంటే చూడాలని దానికి ప్రాణం లాగుతోంది. చీర నేసినవాడు దాన్ని మగ్గం మీదినుంచి కోసే వేళ ఇంట్లో లేకుండా ఉండగలడా? అది నాకు తెలియనిది కాదు. కానీ వ్యవసాయం కరెంటు మనం అనుకున్న వేళకు వచ్చేది కాదు. అది రాక, నీళ్ళు రాక, వెనక బస్సు దొరక్క, పది గంటలు దాటిపోతుంది.

“నువ్వు దిగవు” అన్నాను. “నేను దిగుతా.”

రైతు నవ్వాడు. “అవ్వా, మోటరు గురించి నీకేం తెలుసు?”

“ఏమీ తెల్దు. నీళ్ళు వచ్చిందీ రానిదీ తెలుస్తాది గదా.”

పద్ధతి ప్రకారం చుట్టిన చెయ్యి ఉండాలని ఆయన గొణిగాడు. మేస్త్రీ గల్లా మూస్తూ, “ఆ చెయ్యి ఈ అవ్వ పెంచిందే అన్నా. చెల్లుతాదిలే” అన్నాడు.

పిల్ల నా వైపు కోపంగా చూసింది. బస్సులో లెక్కలు మాత్రం చేసింది, నాకు చెప్పకుండా నోట్లోనే. ఇంటికి వచ్చినాక ఫ్యాను నేనే వేశాను. ఎంతసేపు తిరిగిందో ఆ రోజు చూడలేదు.

మరుసటి పొద్దున పెరుగన్నం గిన్నె కట్టి ఇచ్చి, నేనూ బస్సు ఎక్కాను. పిల్ల పుస్తకం తెరిచి పెదాలు కదిలిస్తోంది. ముద్దనూరు ఇండ్లు కనిపించేసరికి పుస్తకం మూసి, సంచి భుజానికి తగిలించుకుంది.

“రోంతసేపే జేజీ. ఉత్త చూసి వస్తా.”

నేను సంచి దాని భుజం మీదినుంచి తీసి దాని ఒడిలోనే పెట్టాను. కండక్టరును పిలిచి, ఈ పాప పులివెందులలో దిగాల, నడాన దిగనీయొద్దు నాయనా అని చెప్పాను. బస్సులో నలుగురూ తిరిగి చూశారు. పిల్ల సిగ్గుతో పుస్తకం అడ్డం పెట్టుకుంది. నేను దిగాను. బస్సు కదిలింది. అది నన్ను చూడలేదు. పల్లె వైపు పోయే మట్టి దారిని చూసింది. మొండిది, పక్క స్టాపులో దిగి ఆటో ఎక్కినా ఎక్కుతుందని నాకు గుబులు పట్టుకుంది.

రైతు బండి తెచ్చి నన్ను ఎక్కించుకొని పోయాడు. మేము పోయేసరికి మేస్త్రీ వ్యాను అక్కడే ఉంది. బోరు మీద మూడు గుంజలు నిలబెట్టి, గొలుసు కట్టి, మోటరును ఒక్కొక్క పైపు తగిలిస్తూ దించారు. నేను చీనీ చెట్టు నీడన నిలబడ్డాను. రైతు భార్య కూర్చోమని గోనెపట్ట వేసింది. నీళ్ళు వచ్చేదాకా కూర్చోనమ్మా అన్నాను. మోటరు కిందికి చేరినాక కూడా కరెంటు రాలేదు. అందరూ స్టార్టరు డబ్బా దగ్గర కూర్చున్నారు. నేను దారి వైపు చూస్తూ ఉన్నాను, ఏదైనా ఆటో వస్తుందేమోనని. రాలేదు.

కరెంటు వచ్చింది. మేస్త్రీ స్విచ్చి వేశాడు. పైపు గురగురమని, వేలంత ధార కారింది. రైతు నా వైపు చూశాడు. నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన తొణక్కుండా ఆపేసి, మోటరు ఎదురు తిరుగుతాండాది, చుట్టేదాంట్లో లోపం కాదు, ఈడ తీగలు అటుదిటు తగిలించినాం అని, రెండు తీగలు మార్చి మళ్ళీ వేశాడు. ఈసారి మొదట ఎర్రటి నీళ్ళు వచ్చాయి. తరువాత బురద తగ్గింది. తరువాత పైపు నిండా తెల్లగా వచ్చి కాలవలో పడ్డాయి. రైతు తలపాగా తీసి ఆ నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. అప్పుడు కూర్చున్నాను. ఆయన భార్య చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

టైము ఎంతైందని అడిగితే మేస్త్రీ పది దాటిందన్నాడు. పరీక్ష హాల్లోకి పోయేముందు ఫోన్లు ఆపేసి సంచిలో పెట్టి బయట వదలాలని పిల్ల చెప్పి ఉంది. మేస్త్రీని దాని నంబరు కలపమన్నాను. కలిపి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.

“ఆపేసి ఉండాది అవ్వా.”

నేను మిగిలిన మజ్జిగ తాగి, చెంబు కడిగి ఇచ్చి, ముద్దనూరు బస్టాండు దాకా ఆయన వ్యాను ఎక్కాను.